పీకని దవడపన్ను

స్వరూప పంది కింది దవడను ఎడమచేత్తో లాగిపట్టి, పట్టకారును చివరి పన్ను దాకా పోనిచ్చింది. ఆ పన్ను ఒక్క గుంజుకు రాదు. అటూ ఇటూ ఊపి, బతిమాలినట్టు లాగాలి. లాగింది. తడి చప్పుడుతో ఊడి వచ్చింది.

బల్లకు అవతల నిలబడ్డ వేటగాడు చీమలగుట్ట ఊరి బొందయ్య. పొద్దున్నే కొట్టిన పందిని ఆటోలో వేసుకుని వచ్చాడు. తన పన్నే పీకినట్టు మొహం పెట్టాడు.

"ఇన్ని పండ్లు పీకి ఏం జేస్తరమ్మా? పట్నంల దండలు గుచ్చి అమ్ముతరా?"

"నీ పెండ్లానికి ఒకటి చేపిస్తలే. ఎక్కడ కొట్టినవ్?"

"చేన్ల."

"చేన్లనేనా?"

"చేన్ల గాకపోతే మీ ఇంట్ల కొట్టిన్నా? గంత అనుమానమైతే పందినే అడుగు."

స్వరూప నవ్వలేదు. ఈ తనిఖీ కేంద్రంలో ఏడాదిన్నరగా పని చేస్తోంది. అబద్ధం చెప్పని వేటగాడిని ఇంతవరకు చూడలేదు. గోడ మీద నిబంధనల బోర్డు ఉంది. చేలో పడ్డ పందికే అనుమతి. కొట్టిన ఆరు గంటల్లోపు తలతో సహా తనిఖీకి తేవాలి. ముద్ర పడేదాకా మాంసానికి కత్తి తగలరాదు. చివరి దవడపన్ను కేంద్రానికి, మిగతాది వేటగాడికి. జ్వరం ఉన్న పంది మాంసం జనం తినకుండా ఈ తనిఖీ అని ఆమెకు పదిహేను రోజులు పాఠం చెప్పి పంపారు.

పన్నును అన్నం డబ్బా అంత పెట్టెలో వేసి మూత బిగించింది. నూరు లెక్కపెట్టింది. పెట్టె కిటికీలో తెల్లటి వెలుగు వచ్చింది. నీలం వస్తే జ్వరం, మొత్తం పందిని సున్నం గుంతలో పూడ్చాలి. తెలుపు వస్తే ముద్ర.

"మంచిదే. తీస్కపో."

"మంచిదే గని, చేన్లకొచ్చే పందులే తక్కువైనయి. బెదురు గుళిక తిన్న పంది చేన్లకెందుకొస్తది?" అంటూ బొందయ్య తలను గోనెసంచిలో వేసుకున్నాడు.

ఆ మాట నిజమే. రెండేళ్ల కింద పరిశోధన కేంద్రం వాళ్లు అడవి అంచుల్లో గుళికలు చల్లారు. అవి తిన్న పందికి మక్కజొన్న వాసన తగిలితే చాలు, పులి మీద పడ్డట్టు వెనక్కి తిరిగి ఉరికేది. తిననివే ఇంకా చేలల్లోకి వస్తున్నాయి. రాత్రిళ్లు మంచెల మీద డబ్బాలు కొట్టే పని సగం తప్పింది. స్వరూప ఊరు బండలొద్దిలో ఆ గుళికలను దేవుడి ప్రసాదం లాగా చెప్పుకున్నారు.

*

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మొగుడు ఓదెలు వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు.

"చేన్లకు పోయినవా?" అడిగింది.

"పోకేంది? దినమంత కలుపే తీసిన. నడుం వంగుతలేదు."

అన్నం పెడుతూ అతని చేతులు చూసింది. మక్క ఛాతీ ఎత్తుకు వచ్చింది. ఆ ఎత్తు చేలో పని చేసినవాడి చేతుల మీద ఆకు కోసిన సన్నటి ఎర్రగీతలు ఉండి తీరాలి. మొగుడి చేతులు కడిగిన ఇత్తడి చెంబు లాగా నున్నగా ఉన్నాయి. స్వరూప కూర వడ్డించింది. కానీ ఆ రాత్రి తిన్న ప్రతి ముద్దలో రాయి తగిలినట్టే ఉంది.

ఆదివారం సెలవు. చెప్పకుండా చేనుకు వెళ్లింది. కలుపు మోకాళ్ల దాకా పెరిగింది. ఇరవై రోజులుగా అందులో కలుపు తీసిన ఆనవాలు లేదు. ఇరవై రోజులుగా మొగుడు పొద్దున సద్ది కట్టుకుని పోయి సాయంత్రం అలసిపోయి వస్తున్నాడు. ఎక్కడికి? పేకాటకా? ఎవరింటికి? ఆలోచిస్తూ మధ్యాహ్నం దాకా కలుపు తీసింది. ఆమె చేతుల నిండా గీతలు పడ్డాయి.

సోమవారం పనికి ఆలస్యంగా వస్తానని ఫోను చేసి, మొగుడి వెనకే నడిచింది. ఓదెలు నేరుగా చేనుకే వెళ్లాడు. ఒడ్డు దాకా పోయాడు. అక్కడ ఆగాడు. ఒక కాలు ముందుకు వేసి, దాన్ని వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ వేశాడు. గాలి అటునుంచి ఇటు తిరిగి, మక్క ఆకులు ఒక్కసారి గలగలమన్నాయి. అంత మనిషీ సద్దిమూట కింద పడేసి ఉరికాడు. మోటారు గది వెనక గోడకు వీపు ఆనించి కూర్చుని, మోకాళ్లలో తల పెట్టుకుని వాంతి చేసుకున్నాడు.

స్వరూప దగ్గరికి పోయింది. ఆమెను చూడగానే అతని మొహంలో భయం పోయి, సిగ్గు వచ్చింది.

"ఏమైతుంది నీకు?"

"ఏం గాలే. నడుం నొప్పి."

"నడుం నొప్పికి ఉరుకుతరా?"

"నా ఎనక ఎనక ఎందుకొస్తున్నవే? దొంగనా నేను?"

"దొంగవైతే సంబురపడుదు. చెప్పు, ఏం జూసినవ్ చేన్ల?"

మూతి తుడుచుకుని అన్నాడు. "ఏం లేదు చేన్ల. నాకు ఎరుకే. ఏం లేదని ఎరుకే. అయినా లోపల ఏదో ఉన్నట్టే ఉంటది. నేను పోతే ఇగ రాను అన్నట్టు ఉంటది. బాపుకు చెప్పకు. మూడెకరాల చేనుకు భయపడ్డడని ఊరంత నవ్వుతరు."

*

ఊరు నవ్వే స్థితిలో లేదని నీళ్ల నల్లా దగ్గర తెలిసింది. బిందె నిండేదాకా పక్కింటి బుచ్చమ్మ నోరు మూయదు. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడింది.

"మా ఆయన గూడ పోతలేడు స్వరూపా. ఎప్పుడడిగినా మోటరు కాలిందంటడు. కాలిన మోటరు నీళ్లెట్ల పోస్తది? నిన్న నేను గూడ పోయిన. నా వల్ల గాలే. కాళ్లు సచ్చువడ్డయి. ఎవరో ఏదో జేసిండ్రు మన ఊరికి."

"ఎవరేం జేస్తరు అక్కా?"

బుచ్చమ్మ బిందె సర్దుకుంది. ఆమె చూపు స్వరూప చేతుల మీదికి పోయి, ఆ ఎర్రగీతల మీద ఆగింది. నిండని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత స్వరూప నల్లా దగ్గరికి పోతే మాటలు ఆగిపోయేవి. కిరాణా కొట్టులో చిల్లర చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టేవాళ్లు. ఊళ్లో మక్క చేలోకి పోగలిగేది ఇద్దరే అని ఎవరో గమనించారు: ఓదెలు తండ్రి, వేటగాడు కట్టయ్య; అతని కోడలు స్వరూప. కట్టయ్య పెద్దమనిషి. కోడలు మాత్రం దినమంతా పంది పండ్లు పీకి డబ్బాల్లో దాచే మనిషి.

ఆమె కూడా అందరినీ అనుమానంగానే చూస్తోంది. ఊరంతటికీ ఒకేసారి పట్టింది ఏమిటి? నీళ్లా? ఆ నీళ్లే తనూ తాగుతోంది. బియ్యమా? అవీ అంతే. అందరూ తిని, తాను తిననిది ఏముంది?

ఆ పనిలో చేరిన కొత్తలోనే ఆమెకు పంది కూర మీద మనసు విరిగింది. దినమంతా చచ్చిన నోళ్లు తెరిచిన చేతులతో ఆ కూర తినలేకపోయింది. ఇంట్లో వేట కూర ఉడికిన రోజు పచ్చిపులుసు పోసుకుని వాకిట్లో కూర్చుంటుంది. విత్తనాలు పెట్టిన వారానికి మామ ఒక పందిని కొట్టాడు, ఊరంతా పంచుకుని తిన్నారు. తానే పన్ను పీకింది, తానే ముద్ర వేసింది. పెట్టెలో తెల్లటి వెలుగే వచ్చింది. తన కళ్లతో చూసింది.

అయినా మనసు ఊరుకోలేదు. మరుసటి మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కొట్టంలోకి పోయింది. తాను కొట్టిన పందుల కింది దవడలను కట్టయ్య దూలానికి వరుసగా కట్టిపెడతాడు. ఒక్కొక్కటే దించి చూసింది. తనిఖీ నియమం వచ్చాక కొట్టిన వాటిల్లో చివరి పన్ను చోట గుంట ఉంది. తన పట్టకారు చేసిన గుంట. అన్నిటికీ ఉంది.

ఒక్కదానికి లేదు.

చిన్న దవడ, ఆడపందిది. ఎముక ఇంకా తెల్లబడలేదు, కొత్తది. పండ్లు అన్నీ ఉన్నాయి. తన చేతికి రాకుండా, బల్ల మీదికి రాకుండా ఈ ఇంట్లో ఉడికిన తల అది.

కొంగులో చుట్టుకుని, సైకిలు మీద తనిఖీ కేంద్రానికి పోయి తలుపు గడియ పెట్టుకుంది. పన్ను పీకి పెట్టెలో వేసింది. నూరు లెక్కపెట్టాల్సింది, ముప్పై కూడా కాకముందే కిటికీ నీలంగా వెలిగింది. దీపావళి మతాబు లాగా ఆమె అరచేతుల మీద కూడా నీలం పడింది.

*

పరిశోధన కేంద్రం బస్సులో గంట దూరం. డాక్టర్ నిరుపమ ఆమెకు పాఠం చెప్పిన మనిషే. పన్ను చూసి, పెట్టె చూసి, చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుంది. తర్వాత లేచి, "రా, నీకు ఒకటి చూపించాలి" అంది.

వెనక షెడ్డులో పొడవాటి బోనులో ఒక ఊరకుక్క ఉంది. స్వరూపను చూసి తోక ఊపింది, కమ్మీల సందులోంచి ఆమె వేళ్లు నాకింది. నిరుపమ ఒక సీసా తెరిచి, ఎండిన మక్క పూత తీసి బోనుకు ఈ చివర పెట్టింది. కుక్క అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది స్వరూపకు. పొట్ట నేలకు ఆనించి వెనక్కి జరిగి జరిగి మూలలో ముడుచుకుపోయి, గోడను గోళ్లతో గీకడం మొదలుపెట్టింది.

"దీనికి గుళికలు పెట్టిండ్రా మేడం?"

"లేదు. గుళికలు తిన్న పంది మాంసం పెట్టాం. ఉడికించే పెట్టాం."

స్వరూప కమ్మీల మీద పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గుళికలో ఉన్నది మందు కాదు స్వరూపా. కంటికి కనపడని జీవి. ముక్కు నుంచి మెదడుకు పోయే నరంలో గూడు కట్టుకుంటుంది. మక్క వాసన ఆ నరం మీదుగా పోయినప్పుడల్లా భయాన్ని తట్టి లేపుతుంది. తలలోనే ఎక్కువ ఉంటుంది. మిగతా మాంసంలో కొంచెం."

"అంటే నీలం వెలుగు జ్వరం కాదు."

"కాదు."

"నాకు జ్వరమని చెప్పిండ్రు. నేను ఊరూరికి అదే చెప్పిన."

"జ్వరం అంటే జనానికి అర్థమవుతుంది. పూడ్చిపెట్టమంటే పూడుస్తారు. ఇది మనిషికి పాకుతుందో లేదో అప్పటికి మాకూ తెలియదు. తనిఖీ ఉంటే చాలు, ఒక్క తలా తప్పించుకోదు అనుకున్నాం."

"నిజం చెప్తే మా మామ ఈ తల గూడ తెచ్చేటోడు మేడం."

"నిజం చెప్తే ఒక్క ఊరు కూడా గుళికలు చల్లనిచ్చేది కాదు" అంది నిరుపమ. గొంతులో కోపం లేదు, చాలాసార్లు తనకు తాను చెప్పుకున్న మాటలా ఉంది.

"ఇది పోతదా?"

నిరుపమ పూతను సీసాలో పెట్టి బిగించింది. "పోతుందనే అనుకుంటున్నాను. వాసన తగలకపోతే గూడు మెల్లగా ఎండిపోతుంది. తగిలిన ప్రతిసారీ గట్టిపడుతుంది. కుక్కల్లో అలా కనిపించింది. మనుషుల్లో..." ఆగింది. "మీ ఊళ్లో పూత ఎప్పుడు వస్తుంది?"

"పది రోజులు. ఊరి చుట్టూ మక్కే మేడం. పూత వస్తే ఇండ్లల్ల గూడ వాసనే."

"పూత ఉన్న ఆ పది పదిహేను రోజులు ఎవరికి ఎంత పట్టిందో రాసిపెట్టు. ఎవరు ఎంత తిన్నారో, ఎంత భయపడ్డారో. ఎవరికీ ఏమీ చెప్పకు. ఒక్క పూత గడిస్తే చాలా తెలుస్తుంది. మందు కనుక్కోవాలన్నా అదే కావాలి."

స్వరూప బోను వైపు చూసింది. కుక్క ఇంకా గోడను గీకుతూనే ఉంది. మందు కోసమే అడుగుతోందా ఈమె, లేక బోను పెద్దది చేస్తోందా? ఆ మొహం చూస్తే ఏదీ తేలలేదు. అలసిపోయిన మొహం, మంచి మొహమే. దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియకుండానే బస్సెక్కింది.

*

కట్టయ్య వాకిట్లో తుపాకీ గొట్టం తుడుచుకుంటున్నాడు. స్వరూప ఆడపంది దవడ అతని ముందు పెట్టింది. అతను దాన్ని చూసి, మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

"రెండు పడ్డయా మామా ఆ రోజు?"

"పడ్డయి."

"ఇది ఎక్కడ పడ్డది?"

"వాగుకాడ. చేన్ల కాదు." గుడ్డ మడత మార్చాడు. "ఉరకలేదు బిడ్డా అది. నన్ను జూసి గూడ నిలబడ్డది. కట్టె లెక్క ఎండిపోయి ఉన్నది. దాన్ని జూస్తే నాకే అనిపించింది, దీనికి తిండి దొరుకుతలేదా అని. చేన్ల నిండ విత్తనమున్నది, తినలేకపాయె. అనుమతి కాయితంల ఒక్క పందే రాసిచ్చిండ్రు. రెండోది జూపిస్తే తుపాకి గుంజుకుందురు."

"రెండిటి మాంసం కలిపినవా?"

ఆ ప్రశ్నకు కట్టయ్యకు కోపం వచ్చింది. "కలపక? ఒకనికి కొవ్వుది, ఒకనికి ఎముకది ఇస్తనా? ముప్పై ఏండ్లయె నేను పోగులు పెట్టవట్టి. ఎన్ని పడ్డా ఒక్క తీరుగ కలిపి, ముప్పై రెండిండ్లకు ముప్పై రెండు పోగులు. కార్జం ముక్క గూడ అందరికి వస్తది. నా పోగుల కాడ ఎన్నడన్న లొల్లి అయిందా?"

కాలేదు. అదే ఆమెకు ఇప్పుడు భయంగా ఉంది. ఎవరో ఒకడు ఎక్కువ తీసుకుని ఉంటే, ఎవరినో మరిచిపోయి ఉంటే, ఒక్క ఇల్లయినా మిగిలేది. మామ న్యాయం ఒక్క ఇంటినీ వదిలిపెట్టలేదు. కొట్టినవాడి వంతు తల. అది ఈ ఇంట్లో ఉడికింది. ఓదెలుకు అందరికంటే ఎక్కువ పట్టింది అందుకే.

నిరుపమ చెప్పినదంతా చెప్పింది. కట్టయ్య నమ్మలేదు.

"ముచ్చట్లు జెప్తున్నరు నీకు. ఆ తల నేను గూడ తిన్న. నాకేమైంది? పొద్దున గూడ ఊరోళ్ల చేన్ల పందికి మాటేసిన."

"చేన్ల వాసనెట్లున్నది మామా?"

కట్టయ్య చేతిలో గుడ్డ ఆగింది. ఇరవై ఏళ్లు ముక్కుపొడి పీల్చిన ముక్కు అది. మూడేళ్ల కింద గ్యాసు లీకై ఇల్లంతా నిండినా వాసన పట్టలేని ముక్కు. ఆ సంగతి కోడలికీ తెలుసు.

"అందరికి చెప్పాలె" అంది స్వరూప. "పూత రాకముందే."

"చెప్పు. పట్టుకపో ఈ తుపాకి గూడ, నువ్వే ఇయ్యి ఠాణల" అని, తుపాకీ గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయాడు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అన్నం తానే వడ్డించుకున్నాడు. మామే చెప్పాలని ఆమె ఎదురుచూసింది, కోడలు ఎప్పుడు పట్టిస్తుందా అని అతను చూశాడు.

*

మూడో రోజు బుచ్చమ్మ మొగుడు సదయ్య పట్టుదలకు పోయి చేలోకి దిగాడు. నాలుగు సాళ్లు దాటాక లోపలినుంచి కేక వినిపించింది. పిచ్చిగా ఉరికి కాలువ గట్టు మీది నుంచి రాళ్ల మీద పడ్డాడు. చెయ్యి విరిగింది. చేతికి కట్టెలు కట్టి మోసుకొస్తుంటే, ఊరి కోపమంతా ఒక ఇంటి వైపు తిరిగింది.

మధ్యాహ్నం పంచాయితీ ఆఫీసు అరుగు దగ్గరికి స్వరూపను పిలిపించారు. ఓదెలు ఆమె పక్కన నిలబడబోతే ఇద్దరు అతన్ని పక్కకు లాగారు.

"చేతులు జూపియ్యి" అంది బుచ్చమ్మ.

చూపించింది.

"జూసిండ్రా? ఊరంత చేన్ల అడుగు పెట్టలేక సస్తుంటే ఈమె చేతులకే గీతలు. పంది పండ్లు ఏ గుంతల పాతినవే? ఎవరి కోసం పాతినవ్?"

"నేనేం పాతలేదక్కా."

"ఆ దినం అందరం కూర దిన్నం. నువ్వెందుకు దినలే? ముందే ఎరుకనా నీకు?"

జనం లోంచి గొణుగుడు లేచింది. ఎవరో తడిబట్టలతో ప్రమాణం చెయ్యమన్నారు. ఎవరో ఊరు దాటించమన్నారు. చిన్నప్పటి నుంచి వింటున్న కథలే. మంత్రగత్తె అని ముద్ర పడ్డ ఆడవాళ్లకు ఏమైందో ఆమెకు తెలుసు. ఒక్క మాట చాలు: పందులు రెండు. ఆ మాట నాలుక చివరనే ఉంది. చెబితే నమ్ముతారా? తన మీది నింద మామ మీదికి నెట్టిందంటారు. అరుగు చివర కూర్చున్న కట్టయ్య వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు.

బుచ్చమ్మ ఆమె జుట్టు పట్టుకుంది.

"ఇడువు" అన్నాడు కట్టయ్య. అరవలేదు. కానీ అడవిలో పందిని నిలబెట్టే గొంతు అది. లేచి నడిచి వచ్చాడు.

"ఆ గీతలు నా చేను కలుపు తీస్తే పడ్డయి. నా కొడుకు తీయలేక ఆమె తీసింది." జనం వైపు తిరిగాడు. "పందులు రెండు."

ఎవరికీ అర్థం కాలేదు.

"ఆ దినం రెండు పందులు పడ్డయి. ఒకదాని తలే తనిఖీకి తీస్కపోయిన. రెండోది వాగుకాడ కొట్టిన, దొంగతనంగ. అది గుళిక తిన్న పంది. ఆ రెండు కలిపి నేను పోగులు పెట్టిన. మీ భయం నా పోగులల్ల వచ్చింది. నాకు ముక్కు సచ్చింది గాబట్టి నాకు తెల్వలే. ఆమెను ఏమనకుండ్రి. అనేదుంటే నన్ను అనుండ్రి."

బుచ్చమ్మ చెయ్యి స్వరూప జుట్టులోంచి మెల్లగా జారిపోయింది. ముప్పై ఏళ్లుగా అతని చేతి ముక్క తిన్నవాళ్లు అతన్ని తిట్టడానికి కూడా మాట వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికాక, తిట్టారు. కట్టయ్య నిలబడి అన్నీ విన్నాడు.

తిట్లు తగ్గాక స్వరూప చెప్పింది. కుక్క సంగతి చెప్పింది. వాసన తగలకపోతే గూడు ఎండిపోతుందని, తగిలితే గట్టిపడుతుందని, పూతకు వారమే ఉందని చెప్పింది.

"అయితే?" అన్నాడు సదయ్య, కట్టు కట్టిన చేతిని పట్టుకుని.

"మక్కంత దున్నెయ్యాలె. పూత రాకముందే. అందరిది."

"పచ్చటి పంట!" అని బుచ్చమ్మ ఏడుపందుకుంది. ఇంకొకడు లేచాడు. "నువ్వు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె? జ్వరమని చెప్పింది గూడ నువ్వే గదా!"

"నేను గూడ నమ్మిన అన్నా" అంది స్వరూప. "నాకు గూడ అట్లనే చెప్పిండ్రు. ఇప్పుడు చెప్పింది గూడ నిజమో కాదో నాకు తెల్వది. ఆ కుక్కను మాత్రం కండ్లార జూసిన."

సదయ్య బనియను జేబులోంచి ట్రాక్టరు తాళంచెవి తీసి, మంచి చేత్తో ముందుకు చాచాడు. "ముందుగాల నాది దున్ను."

*

దున్నడం అయ్యేదాకా ఊరు వాగు అవతలి గడ్డకు తరలింది. గాలి అటునుంచి ఊరి వైపే వీస్తుంది కాబట్టి అక్కడికి వాసన రాదు. టార్పాలిన్లు కట్టుకుని, పొయ్యిలు పెట్టుకున్నారు. పెళ్లికి ముందు తండ్రి ట్రాక్టరు నడిపిన చేతులు స్వరూపవి. ఆమె రోటవేటరు దించి సాళ్లు తొక్కిస్తుంటే, కట్టయ్య ఒడ్ల వెంట, మూలల్లో మిగిలిన మొక్కలు కొడవలితో కోశాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. తినే వేళకు ఆమె సద్ది రెండుగా పెట్టేది, అతను తన వంతు తీసుకునేవాడు. తుపాకీ అతనే తీసుకుపోయి ఠాణాలో ఇచ్చి వచ్చాడు.

ఆరో రోజు జీపులో నిరుపమ వచ్చింది. దున్నిన నేల చుట్టూ చూసి దిగింది. తర్వాత ట్రాక్టరు దగ్గరికి నడిచి వచ్చింది.

"ఒక్క ఎకరం వదిలిపెట్టు స్వరూపా. ఇద్దరు ముగ్గురు మనుషులు ఒప్పుకుంటే చాలు. రేపు ఇంకో ఊళ్లో ఇదే జరిగితే నా దగ్గర ఏముంటుంది?"

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే స్వరూపకు ఎక్కువ భయం వేసింది. "ఇంకో ఊళ్లె జరగకుండ జెయ్యుండ్రి మేడం. బోర్డు మీద జ్వరమనేది తీసేసి, ఉన్నది రాయుండ్రి. అట్ల రాసినంక వచ్చి మావోళ్లను అడుగుండ్రి. ఒప్పుకుంటరో లేదో వాళ్లిష్టం."

"నీ ఉద్యోగం..."

"పట్టకారు కేంద్రంల బల్ల మీదనే ఉన్నది. ఎవరికన్న ఇయ్యుండ్రి."

నిరుపమ వెనక్కి తిరిగింది. జీపు ఎక్కేముందు చుట్టూ చూసి, మిగిలిన చేలను లెక్కపెట్టుకున్నట్టు అనిపించింది స్వరూపకు.

చివరికి సొంత మూడెకరాలు మిగిలాయి. ఎనిమిదో రోజు పొద్దున ఆఖరి సాళ్లు తొక్కిస్తుంటే ఒడ్డు మీద ఓదెలు కనిపించాడు. మొహానికి తడి తువ్వాల కట్టుకున్నాడు. చేతిలో కొడవలి ఉంది. స్వరూప ఇంజను ఆపింది.

"ఎందుకొచ్చినవ్?"

"ఒక్క సాలు నన్ను కొయ్యనియ్యి."

"వద్దు."

"మూడు దినాల సంది అనుకుంటున్న. మా తాత ఒడ్లు కట్టిన చేను. ఊరంత జూస్తున్నరు, నా పెండ్లాం, మా బాపు దున్నుతుంటే నేను వాగవతల కూసున్న. ఒక్క సాలు. సచ్చిపోను."

అతను ఒడ్డు దిగాడు. మొదటి మొక్కను పట్టుకున్నాడు. ఆ మొక్క మొవ్వులో పూత అప్పుడే తెల్లగా తొంగి చూస్తోంది. కొడవలి వేశాడు. మొక్క తెగింది. తువ్వాల పైన కనిపిస్తున్న కళ్లు పెద్దవయ్యాయి, నుదుటి మీద చెమట పట్టింది. అయినా రెండో మొక్కను పట్టుకున్నాడు.

ఆమెకు ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. కొయ్యనివ్వాలనిపించింది. తగిలిన ప్రతిసారీ గట్టిపడుతుంది అన్న మాట గుర్తొచ్చింది. నిజమే చెప్పిందా ఆ డాక్టరు? అబద్ధమైతే ఈ ఒక్క సాలే మొగుడిని తిరిగి నిలబెడుతుంది. నిజమైతే ఈ ఒక్క సాలే వచ్చే ఏడు కూడా అతన్ని ఈ ఒడ్డు మీదనే ఆపేస్తుంది. రెండిట్లో ఏది నమ్మినా, నమ్మాల్సింది తానే.

"ఓదెలూ, పక్కకు జరుగు."

ఎప్పుడూ పేరు పెట్టి పిలవని పెళ్లాం పిలిస్తే అతను తలెత్తి చూశాడు.

"జరుగు" అంది. ఇంజను వేసింది. రోటవేటరు దించి, అతను నిలబడ్డ సాలు మీదికే ట్రాక్టరు తిప్పింది. చక్రం గజం దూరానికి వచ్చేదాకా అతను కదల్లేదు. తర్వాత కొడవలి పడేసి పక్కకు దూకాడు. మొవ్వులో పూత తెల్లగా తొంగిచూస్తున్న ఆఖరి మొక్కలు మట్టిలో కలిసిపోయాయి.

తిరిగి చూసేసరికి ఓదెలు ఒడ్డెక్కి వాగు వైపు నడుస్తున్నాడు. ఉరకడం లేదు, నడుస్తున్నాడు. పారిపోతున్నది మక్క వాసన నుంచో, తన నుంచో స్వరూపకు తెలియలేదు.